నా బండికి తాడు కట్టనియ్య

ఫిల్మ్‌నగర్ షూటింగ్‌లో పాత ఫియట్ నిలబడ్డచోటే గడగడ వణుకుతోంది. పక్కన కారు ఓనరమ్మ, ప్రొడక్షన్ మేనేజరు.

"ఆపేయమ్మా. తాడు కట్టి లాగిస్తాం. ఇంజన్ చప్పుడు డబ్బింగ్‌లో వేసుకుంటాం."

"గొంతు మీ హీరోకు అరువు తెచ్చుకోండి సార్. నా బండికి తాడు కట్టనియ్య."

"కార్బురేటర్ పోయినట్టుందిగా!"

"పోలే. దాని కింద ప్యాకింగ్ అట్ట మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లిన. జరసేపు వణుకు ఆగింది, చూసిన్రా? అట్ట చినిగి గాలి గుంజుతున్నది."

"కొత్తది కొనుక్కొచ్చే టైమ్ లేదు."

"మీ చంకల ఫైలున్నది కదా?"

"అందులో స్క్రిప్టుందమ్మా!"

"స్క్రిప్టు మీరే ఉంచుకోండి. నాకు పైఅట్ట చాలు."

ఆమె ఫైలు అట్టను కత్తిరించి ప్యాకింగ్‌గా వేసింది. అరగంటకు ఫియట్ ఇంజన్ నిమ్మళంగా తిరిగింది.

"చప్పుడే వినబడట్లేదేంటమ్మా?"

"గదే దాని గొంతు సార్. ఇగ మీ తాడు చుట్టి పెట్టుకోండి."