దిష్టిబొమ్మ తలపట్టీ

గోరిమేడు రోడ్డు మీది పాత సామాన్ల అంగట్లో, నల్లకళ్లద్దాలు పెట్టుకున్న వెల్డర్ ముఖమంతా కప్పే తన వెల్డింగ్ హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

“అన్నా, పోయినేడు నీ దగ్గర కొన్నదే ఇది. లోపల తలపట్టీ తెగిపోయింది. ఇంకొకటి ఇయ్యి.”

“ఆ మాడల్ చేసేది కంపెనీ ఎప్పుడో నిలిపేసింది తమ్ముడూ. యాడ వెతికినా దొరకదు.”

“అప్పుడు నీ దగ్గర ఇట్లాంటివి రెండు ఉండె గదా.”

“ఇంకోటి ఉండాది. కిరుమాంబాక్కంలో కొత్తిల్లు కట్టినాను గదా, ఆ హెల్మెట్‌కు కోరలు గీసి వాకిట్లో దిష్టిబొమ్మగా తగిలించినాను.”

“దాని పట్టీ ఊడదీసి ఇయ్యి.”

“ఆ పట్టీతోనే మేకుకు వేలాడతా ఉంది. తీస్తే బొమ్మ కింద పడతాది, ఇంటికి దిష్టి తగలతాది.”

“బొమ్మకు తలకాయే లేదు, దానికి తలపట్టీ ఏంది? నాకు తలకాయ ఉండాది.”

“ఉంటే పట్టీ లేకుండా వెల్డింగ్ చేస్తావా?”

“ఏం చేసేది? ఒక చేత్తో హెల్మెట్, ఇంకో చేత్తో రాడ్డు. అది జారతానే ఉంది. చూడు నా గతి.”

వెల్డర్ కళ్లద్దాలు తీశాడు. కళ్లు మిరపపండ్లలా ఉన్నాయి. కాలింది పోగా మీసం ఒక పక్కే మిగిలింది.

అంగడాయన ముందుకు వంగి ఆ ముఖాన్ని దగ్గరగా చూశాడు.

“సరే, రేపు ఆ పట్టీ ఊడదీసి తెచ్చిస్తాను. దాని బదులు నీ ఫోటో ఒకటి ఇచ్చిపో. ఇట్లే, నవ్వకుండా. వాకిట్లో తగిలిస్తాను.”