మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య

ఆగిపోయిన లిఫ్టులో ఇద్దరున్నారు: పెళ్ళయి రెండు నెలలైన ఒక అమ్మాయి, ఎదురింటి మాస్టారు. బయట, మెట్ల మీద, ఆ అమ్మాయి భర్త. లిఫ్టు మెకానిక్కు.

“ఆఫీసుకి వెళ్ళనని నేనెప్పుడన్నాను?”

“అనలేదు లెండి. ఇందాకటినుంచి మెట్లెక్కుతున్నారు, దిగుతున్నారు. మీ చెప్పుల చప్పుడు వింటూనే ఉన్నా.”

“పైన మోటారు చూడొద్దా, కింద ఫ్యూజు చూడొద్దా? లిఫ్టు బాగుచెయ్యడమంటే గిన్నె మీద మూత తియ్యడం అనుకున్నావా?”

“సరే సరే. టైమెంత?”

“నాలుగున్నర.”

“అయ్యో! ఐదింటికల్లా ఆఫీసుకొచ్చి సంతకం పెట్టకపోతే ఆ కుర్చీ ఇంకొకరికిచ్చేస్తామన్నారు కదండీ!”

“అన్నారు.”

“మరి?”

“మరేంటి, పెళ్ళాన్ని గాల్లో వేలాడదీసి సంతకానికి పరిగెత్తమంటావా? తర్వాత మీ అమ్మ నన్ను బతకనిస్తుందా?”

“అబ్బాయ్, ఆ గాల్లో నేను కూడా ఉన్నాను.”

“అయ్యో, మాస్టారూ! కంగారుపడకండి. లోపల గాలాడుతోందిగా?”

“గాలికేం లోటు లేదు నాయనా. మీ ఆవిడ మాట్లాడుతుంటే ఫ్యాను వేసినట్టే ఉంది.”

“మాస్టారూ!”

“ఉన్నమాటేగా అమ్మాయ్. ఇంతకీ ఆ కుర్చీ గొడవేంటి?”

“ఆఫీసులో ఉద్యోగం మాస్టారూ. ఊళ్ళో ఎక్కడ లిఫ్టు ఆగినా ఫోను ఈయనకొస్తుంది, ఈయన ఇంకొకర్ని పంపిస్తారు. పదింటికి వెళ్ళడం, ఐదింటికి ఇంటికి రావడం. ఆదివారమంటే ఆదివారమే. ఇప్పుడేమో కంచం ముందు కూర్చుంటే చాలు, ఫోను! ముద్ద నోట్లో, కాలు గడప బయట.”

“బంగారంలాంటి ఉద్యోగం! ఒరే నాయనా, మనిషికి అవసరమైనవి నాలుగే. తిండి, నిద్ర, నీడ, తోడు. నాలుగూ ఆ కుర్చీలోనే ఉన్నాయి. తక్కినవన్నీ సరదాలు. ముప్పై ఏళ్ళు పిల్లలకిదే చెప్పాను.”

“ఏమండీ, విన్నారా?”

“విన్నా. పైకెళ్ళి ఇంకోసారి చూసొస్తా.”

“ఇప్పుడేగా చూశారు! ఇదిగో, ఇస్త్రీ చొక్కా! గ్రీజు అంటించుకోకండి... వెళ్ళిపోయారు మాస్టారూ.”

“ష్... ఏదో వినిపిస్తోంది.”

“ఈల.”

“ఈలా?”

“పనిచేసేటప్పుడు వేస్తారు. రాగం ఉండదు, తాళం ఉండదు. పక్కింటి కుక్క లేచిపోతుంది. ఈ కుర్చీ మాట వచ్చినప్పట్నుంచి ఒక్కరోజూ వినలేదు... వచ్చారా? ఏమంటోంది మోటారు?”

“ఏమీ అనట్లేదు.”

“ఈల వేశారుగా?”

“నేనా? లేదే.”

“ఏమండీ, నిజం చెప్పండి. ఆ కుర్చీ మీకు ఇష్టమేనా?”

“ఇష్టంతో పనేంటి? అవసరం.”

“ఎవరికి?”

“నీకు.”

“నాకా!”

“నువ్వే కదా మొన్న, అన్నం చల్లారిపోయిందని ఏడ్చావ్.”

“ఏడవలేదు. జలుబు చేసింది.”

“రెండు కళ్ళకీ?”

“అబ్బాయ్, ఆ మాటతో మాత్రం గెలిచావు.”

“మీరుండండి మాస్టారూ. చెప్పండి, నాకోసం కాకపోతే? ఒట్టి మీకోసం అయితే?”

“నాలుగూ నలభై అయింది.”

“టైము నేనడగలేదు.”

“మొన్న... బట్టల కొట్టులో లిఫ్టు ఆగింది కదా. లోపల ఒకావిడ, ఇద్దరు పిల్లలు. తలుపు తీసేసరికి చిన్నది చెమటతో తడిసి ముద్దయిపోయింది. నన్ను చూసి ఏమందో తెలుసా?”

“ఏమంది?”

“‘మళ్ళీ ఎక్కుదామా’ అంది.”

“అయ్యో నా తల్లి!”

“తలుపు జానెడు తెరుచుకున్నప్పుడు లోపలివాళ్ళ మొహాలు చూడాలే నువ్వు. అమ్మ బడికొచ్చినప్పుడు పిల్లలు చూస్తారే, అలా చూస్తారు. ఒక్క నిమిషం అంతే. తర్వాత నా పేరు కూడా అడగరు, ఎవరి దారి వాళ్ళది. అయినా ఫర్లేదు. కుర్చీలో కూర్చుంటే ఆ మొహాలు ఇంకెవడో చూస్తాడు. నేను ఫోను చూస్తూ కూర్చుంటా. వదిలెయ్. మాస్టారు చెప్పిన నాలుగింటిలో ఇది లేదుగా.”

“...లేదు నాయనా. నేను పని మానేసి తొమ్మిదేళ్ళు. ఆ నాలుగూ ఉన్నాయి నాకు. అయినా పొద్దున్నే లేచి సుద్దముక్క కోసం జేబు తడుముకుంటాను. మా ఆవిడ చూడకుండా.”

“మాస్టారూ...”

“ఏం లేదమ్మా. మీరు కానివ్వండి.”

“ఏమండీ, టైము పోతోంది. వెళ్తారా, వెళ్ళరా?”

“నువ్వేమంటావ్?”

“ఊహూఁ. నేను వద్దంటే, మీకోసం నేనేదో త్యాగం చేశాననుకుని జన్మంతా నా మొహం చూసి నిట్టూరుస్తారు. వెళ్ళమంటే వెళ్తారు. ఏదీ అనను. మీరే చెప్పాలి.”

“అదీ... చూడూ... వద్దు.”

“వినబడలేదు.”

“వద్దే! నాకా కుర్చీ వద్దు! పదింటికెళ్ళి ఐదింటికి రావడం నావల్ల కాదు!”

“హమ్మయ్య.”

“హమ్మయ్యా? అన్నం చల్లారుతుంది!”

“వేడి చేసుకుంటాం.”

“ఆదివారాలు పోతాయి!”

“ఒక్కోసారి నన్నూ తీసుకెళ్ళండి. మెట్ల మీద కూర్చుని ఆ మొహాలు చూస్తా. ఈల మాత్రం మెల్లగా వెయ్యాలి.”

“నిజంగానా? మాటంటే మాటేనా?”

“అబ్బాయి చెప్పేశాడుగా అమ్మాయ్? ఇక లిఫ్టునాపే ఈ ఎర్ర బటను మీంచి వేలు తియ్యనా? నువ్వు నొక్కిపట్టమన్నావని అరగంటగా నొక్కిపట్టాను, వేలు నాది కాకుండా పోయింది.”

“మాస్టారూ! చెప్పనని కదా అన్నారు! ఏమండీ... ఏమండీ, కోప్పడకండి. లిఫ్టుకేమీ కాలేదు. నేనే...”

“తెలుసు. మొదటిసారి పైకెళ్ళినప్పుడే తెలిసింది. మాస్టారూ, ఆ వేలు తియ్యకండి, మీకు పుణ్యముంటుంది. ఐదవడానికి ఇంకా ఏడు నిమిషాలుంది.”