తలుపు లోపలి అంచు

నేను చనిపోయినవాడికీ, మీరు పట్టుకున్నవాడికీ పెద్దక్కను. వయసు యాభై నాలుగు. పెద్ద తమ్ముడి కార్ఖానాలో పొడి పట్టే సంచులు దులిపే పని చేస్తాను. అమ్మ పోయాక ఇద్దరినీ నేనే పెంచాను.

అక్కడ జింకు తీగను ప్లాస్మా మంటలో ఆవిరి చేస్తారు. ఆవిరికి ఆక్సిజన్ తగిలితే తెల్లటి నానో పొడి అవుతుంది. దోసిలి నిండా పట్టినా బరువు తెలియదు. యంత్రం నడిపేది చిన్నోడు.

నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు చిన్నోడు యంత్రం ఆపి దాని ఇనుప తలుపు తీశాడు. పొడి బూడిదరంగులో ఉంది. పెద్దవాడు చూశాడు.

"ఏంట్రా ఇది? పొయ్యిలోంచి ఎత్తుకొచ్చావా?"

"ఆక్సిజన్ అడుగంటిందని పొద్దున్నే చెప్పాగా అన్నయ్యా. పర్లేదు కానిచ్చేయ్ అన్నది నువ్వే. నీ మాటకీ నీ పొడికీ ఒకటే బరువు."

నాకు నవ్వొచ్చింది. నవ్వాను. పెద్దవాడు చూశాడు.

"ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వుతారా!" అంటూ సిలిండర్ మూత తిప్పే స్పానర్ తీసి చిన్నోడి దవడ మీద కొట్టాడు. పళ్ళు పొడిలో పడ్డాయి. నేను అడ్డం వెళ్ళాను. నా కుడి మణికట్టు విరిగింది. చిన్నోడి జుట్టు పట్టి, తల తలుపు సందులో పెట్టి తలుపు వేశాడు. తీసి మళ్ళీ వేశాడు. చిన్నోడు "అక్కా" అన్నాడు. మళ్ళీ వేశాడు.

ఆ తర్వాత చిన్నోడు పలకలేదు.

పెద్దవాడు బయటివైపు తుడిచాడు. తలుపు బిగించి యంత్రం వెలిగించాడు. "నడుస్తున్న యంత్రం మీద కళ్ళు తిరిగి పడ్డాడని చెప్పక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు. పట్టుకున్నాడు కూడా. చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

అయ్యా, తలుపు మూసి ఉంటేనే ఆ యంత్రం వెలుగుతుంది. అది నడిచేటప్పుడు పడి ఉంటే నెత్తురు బయటే ఉండాలి. తలుపు లోపలి అంచున రబ్బరు పట్టీ ఉంది. పీకి చూడండి. చిన్నోడి వెంట్రుకలు ఉంటాయి. ఆ అంచు లోపల గొట్టంలో చల్లటి నీళ్ళు తిరుగుతాయి, అందుకే అవి కాలి ఉండవు.

రాత్రి దేవుణ్ణి ఇద్దరి కోసమూ వేడుకున్నాను. అబద్ధం ఆడే బలం మాత్రం అడగలేదు.

ఇందాక మీ స్టేషన్ వరండాలో పెద్దవాడు, "నాకు నువ్వు తప్ప ఎవరున్నారక్కా?" అన్నాడు.

"వాడికీ నేనే కదరా" అన్నాను.

పైన రాసినది నాకు చదివి వినిపించారు. తీసేయాల్సిన మాట లేదు, కలపాల్సిన మాట లేదు. అంతా నిజం. నాకు సంతకం వచ్చు. కుడి చెయ్యి లేవదు కనక ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను. గోరు కింద ఉన్నది ఆ పొడే. కడిగినా పోలేదు.

(ఎడమ బొటనవేలి ముద్ర)