అన్నంలో నిలబెట్టిన చెంచా

జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు, కొరియాలో ఉన్న తల్లికి ఫోన్‌లో కనిపించాడు. వాడి వెనక బల్ల మీద అన్నం గిన్నెలో చెంచా నిలువుగా గుచ్చి ఉంది.

“తీసెయ్‌రా హ్యోంజున్, ఆ చెంచా. చచ్చిపోయినవాళ్లకి పెట్టినట్టు ఏంటది?”

“చచ్చిపోయినవాడికే పెట్టానమ్మా. తేజేంద్రకి.”

“పక్కగది నేపాల్ కుర్రాడా? ఏమైందిరా?”

“ల్యాబ్‌లో ట్యాంకు పేలింది. ఆ పూట అక్కడ పని నా వంతు. నాకు జ్వరమంటే నా బదులు వెళ్లాడు. గోడవతల ఇంకా వాడు తిరుగుతున్నట్టే ఉందమ్మా.”

ఆమె ఫోన్‌ని దగ్గరికి జరుపుకుంది.

“మన వంట తినేవాడా?”

“ఇష్టంగా. చెంచా వద్దని చేత్తోనే తినేవాడు.”

“అయితే ఆ చెంచా తీసెయ్. చెయ్యి కడుక్కోడానికి నీళ్లు పెట్టు. తలుపు కాస్త తెరువు. వాడు తినేదాకా నేనూ ఇక్కడే ఉంటా.”