వేళ్లకు గుర్తున్న పాఠం

అమీర్‌పేటలో ఆ టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ కాస్తా కంప్యూటర్ సెంటర్ అయిన ఏడాది అది. దాన్ని నడిపే రవళి, తనకు అక్కడే టైపు నేర్పిన అమ్జద్ సార్‌ని గదిలోకి పిలిచింది. రేపట్నుంచి రావద్దని చెప్పాలి.

"సార్, పాఠం మధ్యలో మీరు ఆగిపోతున్నారని పిల్లలు అంటున్నారు."

"ఆగుతున్న. అరవై ఎనిమిదేండ్లు వచ్చినయ్. మాట నోటిదాంక వచ్చి ఆడనే నిలబడుతది."

"మరి క్లాసెలా నడుస్తుంది?"

"టేబుల్ మీద వేళ్లు పెడత. అవి ఆ మాటను టైపు కొడతయ్, ఏ వేలు ఏడ పడ్డదో చూసి నేను చదువుత. నిన్న మార్జిన్ అనే మాట రాలే. ఆరు దెబ్బలల్ల దొరికింది."

"నిజంగానా?"

"నోరు మర్చిపోయింది గని, చేతులు మర్వలే. సరే, ఏదో చెప్పనీకి పిలిచినవ్ కదా. చెప్పు."

రవళి నోరు తెరిచింది. పొద్దుటి నుంచి మనసులో అనుకుంటున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు.

"నీకు సుత రాకుంటే టేబుల్ మీద వేళ్లు పెట్టు బిడ్డా. నేను చదువుకుంట."

ఆమె రెండు చేతులూ పెట్టింది. ఎడమ చిటికెన వేలితో మొదలై వేళ్లు వాటంతటవే వరసగా కదిలాయి.

"ఏ, ఎస్, డి, ఎఫ్," ఆయన చదివాడు. "మొదటి రోజు పాఠం. మణికట్టు ఇంకా కిందికి వాలుస్తున్నవ్. గప్పుడు సుత చెప్పిన."

రవళి మణికట్టు పైకెత్తింది.

"రేపు ఆరున్నర బ్యాచ్ మీదే, సార్."

"నాదే. నువ్వు సుత రా."