నల్లబల్లకు ఎడమవైపు

ప్రార్థన గంటకు ఇంకా పావుగంట ఉంది. బడి వరండాలో నల్లబల్ల మీద ‘ఈ రోజు విశేషాలు’ రాసే పని తొమ్మిదేళ్లుగా సైన్సు టీచరుదే. ఎడమవైపు ఆ తేదీన జరిగిన సంఘటనలు, కుడివైపు ప్రముఖుల పుట్టినరోజులు. ఆమె వెనక హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు.

“ఎడమవైపు ఆ ఒక్క వాక్యం చెరిపేయమ్మా.”

“వంతెన కూలింది ఈ రోజే కదా సార్.”

“మీ పాప అందులోనే పోయింది, నాకు తెలియదా తల్లీ? కానీ కుడివైపు ఉన్నది ఎవరి పుట్టినరోజు? ఆ వంతెన కట్టించిన పెద్దమనిషిది. ఇవాళ మన కొత్త హాలు ప్రారంభించడానికి ఆయనే వస్తున్నారు. రెండూ పక్కపక్కనే కనబడితే నా కొంప మునుగుతుంది.”

“హాలు కూడా ఆయనే కట్టించారుగా. దూలానికి బీట పడింది సార్. సోమవారం అందులో గోరు పట్టేది. ఇవాళ వేలు పడుతోంది.”

“నిన్ననే సున్నం వేయించాంగా! ఏమీ కనబడదు.”

“పిల్లల్ని మైదానంలో కూర్చోబెడదాం.”

“ఆయన హాలు ఆయన ముందే ఖాళీగా పెట్టా? భలేదానివే!”

ఆమె డస్టరు తీసి ఆ వాక్యాన్ని నెమ్మదిగా తుడిచింది.

“నా తరగతి పిల్లలు మాత్రం హాల్లోకి రారు సార్. ఎందుకో రాసి, సంతకం చేసి మీ బల్ల మీద పెట్టాను.”

ఆయన నల్లబల్ల వైపు తిరిగారు. గంట మోగింది.

“ఎడమవైపు మరీ బోసిగా ఉందమ్మా. ఇంకేదైనా రాయి.”

“సాయంత్రం దాకా ఖాళీగానే ఉంచుదాం సార్.”