లేని దీపం నీడ

నన్ను అందరూ బొమ్మలావిడ అంటారు. అసలు పేరు, ఇంటి నంబరు కానిస్టేబుల్ గారు పైన రాసుకున్నారు. వయసు యాభై మూడు. హోటళ్ళకు, ఆఫీసులకు, ఆసుపత్రులకు గోడబొమ్మలు అద్దెకు ఇవ్వడం నా వృత్తి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఇంతకుముందు నా మీద ఏ ఫిర్యాదూ లేదు. ఈ రోజు గురువారం, సాయంత్రం నాలుగూ నలభైకి ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

హోటల్ మేనేజర్ గారి ఫిర్యాదును నాకు చదివి వినిపించారు. ఈ ఉదయం పదకొండూ ఇరవైకి నేను మూడో అంతస్తు మూలగదిలోకి అనుమతి లేకుండా వెళ్ళానని, చెప్పులు విడిచి మంచం మీద పడుకున్నానని, గోడ మీదున్న బొమ్మ తీసుకుని మెట్ల మీదుగా దిగిపోయానని అందులో ఉంది. వెళ్ళాను. పడుకున్నాను. తీసుకున్నాను. మూడూ నిజమే. చెప్పులు విడిచింది దుప్పటి మాసిపోకూడదని.

ఆ బొమ్మ మా వదినది. వదిన అంటే మా ఆయన అక్కగారు. పదిహేడేళ్ళు వేరే హోటల్లో బట్టలు ఉతికే విభాగంలో పనిచేసింది. అక్కడ డాబా మీద ఆరేసిన పదకొండు తెల్ల దుప్పట్లను తొమ్మిదేళ్ళ కిందట బొమ్మగా వేసింది. పదకొండూ తెలుపే, కానీ ఏ రెండూ ఒకే తెలుపు కావు. కింద ఒక దిండు గలీబు జారిపడి ఉంటుంది. తర్వాత ఆమె కుడి చెయ్యి పడిపోయింది. ఇప్పటికి నాలుగేళ్ళు. ఆ చేత్తో వేసిన బొమ్మల్లో మా దగ్గర మిగిలింది ఇదొక్కటే. అందుకని దాన్ని అద్దెకిస్తాం గానీ అమ్మం. మేనేజర్ గారు మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ కాదన్నాను. మూడోసారి ఆయన, "మీ ఇష్టం లెండి," అని నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ బొమ్మ సంవత్సరం నుంచి ఆ హోటల్ రిసెప్షన్ హాల్లో ఉంది. తగిలించిన వారానికే వాళ్ళు దాని పైన గోడకు ఒక దీపం బిగించారు. దానికి ఇత్తడి టోపీ. దీపం వేస్తే టోపీ నీడ బొమ్మ పైఅంచున అరచందమామలా పడేది. మొదటి దుప్పటి సగం మసకబారేది. దీపాన్ని జానెడు పైకి జరపండని నేను చెప్పాను. ఒకసారి కాదు, వెళ్ళిన ప్రతిసారీ చెప్పాను. "చూసేవాళ్ళెవరికీ కనపడదమ్మా, మీకే కనపడుతుంది," అనేవారు మేనేజర్ గారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

మొన్న సోమవారం ఉదయం పదిన్నరకు బొమ్మ మార్చడానికి వెళ్ళాను. ఎప్పుడూ నేనే నిచ్చెన వేసుకుని దించుతాను. ఆ రోజు అప్పటికే దించేసి, నా గుడ్డలోనే చుట్టి, రిసెప్షన్ బల్ల పక్కన పెట్టారు. "మీకెందుకండీ శ్రమ, మేమే దించేశాం," అన్నారు మేనేజర్ గారు. ఇరవై రెండేళ్ళలో ఏ మేనేజరూ నా మోకాళ్ళ మీద జాలి చూపించలేదు. అప్పుడే నా బుర్ర వెలగాల్సింది. వెలగలేదు. చట్రం నాది, చట్రం వెనక మూలలకు అంటించిన పాత కంబళి ముక్కలు నావి, చుట్టిన గుడ్డ నాది. కొత్త రంగు వాసన వచ్చింది గానీ, వాళ్ళు పై అంతస్తుకు రంగులు వేయిస్తున్నారు, హోటలంతా అదే వాసన. పప్పులో కాలేశాను. తెచ్చుకున్నాను.

నాకొక అలవాటు ఉంది. ఒకచోటి నుంచి వచ్చిన బొమ్మను ఇంకోచోటికి పంపే ముందు ఏడు రోజులు మా షెడ్డులో, నేను అన్నం తినే బల్లకు ఎదురుగా తగిలిస్తాను. తింటూ ఏడు రోజులు చూసినా విసుగు పుట్టని బొమ్మే రోగులు కూర్చునే గదికి పనికొస్తుంది. ఆ బొమ్మను దంతవైద్యుడి దగ్గరికి పంపాలనుకున్నాను. మూడో రోజు, అంటే నిన్న బుధవారం, సాయంత్రం నాలుగింటికి టీ తాగుతూ చూస్తే బొమ్మ పైఅంచున నీడ ఉంది. అదే అరచందమామ నీడ. అలవాటు కొద్దీ, దీపం జరపరు కదా వీళ్ళు, అని తిట్టుకున్నాను. తర్వాత తల ఎత్తి చూశాను. మా షెడ్డు గోడకు దీపమే లేదు.

టీ గ్లాసు కింద పెట్టాను. లేచి పక్కకు జరిగాను. నీడ జరగలేదు. కిటికీ మూశాను. పోలేదు. తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. వదినను పిలిచాను.

వదిన వచ్చి, ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి, వేలు పెట్టి దుప్పట్లు లెక్కపెట్టింది. "పదకొండూ ఉన్నాయే," అంది. తర్వాత, "కానీ ఇవి నేను ఆరేసినవి కావు. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు కూడా నేనింత చప్పగా వెయ్యలేదు," అంది. వెళ్ళి తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. రాత్రి అన్నం తినలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా చెవిలో పువ్వు పెడితే పెట్టారు, ఆమె చేతిని ఇంకోసారి తీసేసుకున్నారు కదా అని ఏడ్చాను. ఈ ముక్క కూడా రాయండి.

ఈ ఉదయం పదకొండింటికి మూడో అంతస్తు కొత్త గదులకు బొమ్మలు ఎంచడానికి వాళ్ళే నన్ను రమ్మన్నారు. వారం కిందటే అనుకున్న పని అది. వాళ్ళు నాకు నకలు అంటగట్టిన సంగతి నేను ఎత్తలేదు. మామూలుగా పని మొదలుపెట్టాను. హాల్లో పెట్టే బొమ్మను నిలబడి ఎంచాలి. ఆఫీసు బొమ్మను కుర్చీలో కూర్చుని ఎంచాలి. హోటల్ గది బొమ్మను పడుకునే ఎంచాలి, ఎందుకంటే ఆ గదికి వచ్చినవాడు దాన్ని పడుకునే చూస్తాడు. మూడు గదుల్లో పడుకుని చూశాను. మేనేజర్ గారు తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకున్నారు. "మూలగది అయిపోయిందండీ, అక్కడ అక్కర్లేదు," అన్నారు. అంతలో ఆయనకు ఫోన్ వచ్చి కిందికి వెళ్ళారు.

మూలగది తలుపు బార్లా తీసి ఉంది. గదులు సర్దే ఆవిడ గలీబులు మారుస్తోంది. "పడుకోవచ్చా అక్కా?" అని అడిగాను. "పడుకో తల్లీ, ఎలాగూ మళ్ళీ పరచాలి," అంది. పడుకున్నాను. ఎదురుగోడ మీద పదకొండు దుప్పట్లు. ఏ రెండూ ఒకే తెలుపు కావు. మొదటి దుప్పటి మీద నీడ లేదు. ఎండలో ఆరేసినట్టు పెళపెళలాడుతోంది. ఆ బొమ్మను నేను అంత వెలుగులో చూసి సంవత్సరమైంది.

లేచి దించాను. చంకలో పెట్టుకుని మెట్లు దిగాను. పరుగెత్తలేదు. కింద ఒక అతిథి నా కోసం తలుపు పట్టుకున్నాడు. థాంక్స్ చెప్పాను. మేనేజర్ గారు వెనకనుంచి కేకలేశారు. "ఇంటికి తీసుకుపోతున్నానండీ, ఏదున్నా అక్కడికే రండి," అన్నాను.

ఎస్సై గారూ, మధ్యాహ్నం రెండింటికి మీరు నన్నూ, మేనేజర్ గారినీ, రెండు బొమ్మల్నీ స్టేషనుకు రప్పించారు. నకలు పట్టుకుని వదిన కూడా వచ్చింది. రెండింటినీ కిటికీ పక్కన నిలబెట్టారు. "నాకు రెండూ ఒకలాగే ఉన్నాయమ్మా," అన్నారు మీరు. మిమ్మల్ని తప్పుపట్టను, అది మీ పని కాదు. నేను నీడ చూపించాను. అప్పుడు మేనేజర్ గారు తడుముకోకుండా ఒక మాటన్నారు: "అసలు బొమ్మలోనే ఆ నీడ ఉంది సార్. గదిలోది మేం వేయించుకున్న నకలు. నీడ బాగాలేదని తీసేయించాం." నిజం చెప్పొద్దూ, నేను కూడా రెండు బొమ్మల్నీ మళ్ళీ మార్చి మార్చి చూశాను. ఆయన మాట వింటే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది.

వదిన మాత్రం బొమ్మల వైపు చూడనేలేదు. "పదండి సార్, ఆ హాలుకే పోదాం," అంది.

మూడూ పదికి అందరం హోటల్ రిసెప్షన్ హాల్లో ఉన్నాం. సోమవారం మార్చి పెట్టిన బొమ్మను దించి, నీడ ఉన్న బొమ్మను ఆ పాత మేకుకే నా చేతులతో తగిలించాను. దీపం వేయమన్నాను. టోపీ నీడ వచ్చి బొమ్మలోని నీడ మీద సరిగ్గా కూర్చుంది. వెంట్రుకవాసి తేడా లేదు. దీపం ఆర్పమన్నాను. టోపీ నీడ పోయింది, బొమ్మలో నీడ ఉంది. మళ్ళీ వేయమన్నాను, మళ్ళీ ఆర్పమన్నాను. మీరే స్విచ్ నొక్కారు, ఐదుసార్లు. మూడోసారికి మీరు నవ్వారు.

అప్పుడు వదిన మేనేజర్ గారి దగ్గరికి నడిచింది. "బాబూ, నేనీ బొమ్మ వేసి తొమ్మిదేళ్ళు. నువ్వీ దీపం పెట్టి ఏడాది. నువ్వు ఇక్కడే దీపం పెడతావని, దానికి ఇంత టోపీ ఉంటుందని నాకు అప్పుడే ఎవరు చెప్పారు?" అని అడిగింది.

మేనేజర్ గారి మొహంలో కత్తివేటుకు నెత్తుటిచుక్క లేదు. హోటల్ ప్రచారం కాగితం మీది ఫోటో ఇచ్చి, తమ బోర్డులు రాసే పెయింటరు చేత నకలు వేయించామని, ఆ ఫోటో దీపం వెలుగుతుండగా తీసిందని మీ ముందే ఒప్పుకున్నారు. ఎవరికీ కనపడదన్న నీడ ఆ పెయింటరుకు కనపడింది. రిసెప్షన్ అమ్మాయి చప్పట్లు కొట్టింది. గదులు సర్దే ఆవిడ మెట్ల మీదనుంచి ఈల వేసింది. నేను కూడా వేసేదాన్ని, నాకు రాదు.

నేను కోరేది రెండు విషయాలు. అసలు బొమ్మ ఈ సాయంత్రమే మాతో ఇంటికి రావాలి. రెండోది వదిన కోరిక. ఆ పెయింటరు మీద కేసు వద్దంటోంది. "వాడికి దొంగతనం తెలీదు, ఫోటో ఇచ్చారు, వేశాడు. నీడను కూడా వదలకుండా చూసింది చూసినట్టు వేశాడు. అలాంటి కన్ను నాకు కావాలి. నేను చెబుతాను, వాడు వేస్తాడు. ఇంకా చాలా బొమ్మలున్నాయి నా దగ్గర," అంది. నాలుగేళ్ళలో ఆమె నోట ఈ మాట వినడం ఇదే మొదటిసారి. అతని చిరునామా ఇప్పించగలరు.

చెప్పిందంతా నా ఇష్టంతో, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కానిస్టేబుల్ గారు చదివి వినిపించారు. ఒకచోట 'దొంగిలించిన బొమ్మ' అని రాస్తే నేను ఒప్పుకోలేదు. కొట్టేయించి, 'వదిన బొమ్మ' అని రాయించి, పక్కన సంతకం పెట్టాను.

సంతకం: బొమ్మలావిడ

సాక్షి: వదిన. వేలిముద్ర చాలని చెప్పినా వినలేదు. ఎడమ చేత్తో, చాలాసేపు తీసుకుని, కాగితం కింద కుడిమూలన, బొమ్మ మీద పెట్టినట్టే సంతకం పెట్టింది.